నేరేడు బీరు, ఎర్రప్ప గ్లాసు

"అయ్యా, నా మొగుణ్ణి చంపేస్తాండారు!"

అనంతపురంలో డిటెక్టివ్ హంపయ్య ఆఫీసు గడప పట్టుకుని అక్కమ్మ వగరుస్తోంది. నుదుటి మీద రాయి దెబ్బ. అసిస్టెంటు లాల్ అహమ్మద్ మంచినీళ్ళిచ్చాడు.

"ఎవరు చంపుతున్నారు?" అన్నాడు హంపయ్య.

"ఊరంతా! మా యేసన్న చేసిన బీరు తాగి పొద్దున ఎర్రప్ప మా గుడిసె ముందరే సచ్చిపోయినాడు. మావోడు విషం పెట్టినాడంటాండారు. ఉరి ఏపించేదాకా ఇడిసిపెట్టరంట!"

"మద్యనిషేధం ఉండగా బీరు చేశాడా? బుద్ధి ఉందా మనిషికి?" అని కసిరి, హంపయ్య కోటు తగిలించుకున్నాడు. "కారు తియ్యి, అహమ్మద్."

పామిడి పక్కనున్న తమ ఊరికి పోయే దారిలో అక్కమ్మ సంగతంతా చెప్పింది. యేసన్న బెంగళూరులో బీరు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాడు. పెన్న గట్టున నేరేడు పండ్లు రాలే రోజుల్లో, మొలకెత్తించి మాడ్చిన రాగులతో కలిపి జాడీలో మురగబెడతాడు. వేరుశనగ పెరికేటప్పుడు మూత తీస్తాడు. నిషేధం గురించి వీధిలో ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులే దొంగచాటుగా వచ్చి రుచి చూసి పోతారు. సిగ్గులేని జాతి!

గుడిసె ముందు జనం రాళ్ళు పట్టుకుని ఉన్నారు. "ఎవుడప్పా నువ్వు? ఆ ముండాకొడుకు తరఫున వచ్చినావా?" అని ఎవరో అరిచారు. సబ్‌ఇన్‌స్పెక్టరు కూడా మొహం చిట్లించాడు. బేడీలతో కూర్చున్న యేసన్న పెదవి పగిలి రక్తం కారుతోంది.

"ఎర్రప్పతో నీకేమైనా తగాదా ఉందా?" హంపయ్య అడిగాడు.

"ఉండాది సార్. బావి కాడ నా పెండ్లాం కడవను కాలితో తన్నినాడు. నోటికొచ్చినట్ల తిట్టినా. అంతేగానీ మందు పెట్టలా."

యేసన్న మీదికి దూకబోయాడు చచ్చినవాడి తమ్ముడు ఈరన్న. మాట్లాడుతున్నంతసేపూ తువ్వాలు నోటికి అడ్డంగానే ఉంది. దుఃఖం కాబోలనుకున్నాడు అహమ్మద్.

"నువ్వూ అన్నతో వచ్చావా?"

"వచ్చినా. రెండు గ్లాసులు నేనే ఇంటి నుంచి తెచ్చినా. ఈళ్ళ గ్లాసుల్లో మేం తాగుతామా?"

మతం మారినా ఊరికి యేసన్న అంటరానివాడే. అతని బీరు కావాలి, అతని గ్లాసు మాత్రం పనికిరాదు!

"యేసన్న మీ గ్లాసులు పట్టుకున్నాడా?"

"పట్టుకోనిస్తామా! ముంతతో పైనుంచి వంచినాడు."

"నువ్వు తాగావా?"

"చుక్క గూడా తాగలా! పారబోసినా. అందుకే బతికిండా. జాడీ అంతా విషమే సార్!"

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"అన్న సచ్చిపోతే తిండేందప్పా? పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టలా."

గుడిసె ముందు పడి ఉన్న ఎర్రప్ప గ్లాసును హంపయ్య చేతిరుమాలుతో ఎత్తి ఎండకు పట్టి చూశాడు. అడుగున నల్లటి మడ్డి. ఆ మడ్డి కింద తెల్లగా ఏదో గట్టిగా అంటుకుని ఉంది.

"అందరూ దగ్గరికి రండి," అన్నాడు. యేసన్న సొంత లోటాను జాడీలో ముంచి, నురుగుతో సహా గటగటా తాగేశాడు.

"సార్! వద్దు!" అహమ్మద్ ప్రాణం పోయినంత పనయింది.

"మాడిన రాగుల చేదు, వెనకాలే నేరేడు వగరు. ఘాటుగా ఉంది, భేషుగ్గా ఉంది," అని హంపయ్య నాలుక చాపి చూపించాడు. నల్లగా, ఊదాగా ఉంది. "ఈ రంగు పూటంతా పోదు. ఈరన్నా, తువ్వాలు తీసి నోరు తెరువు."

ఈరన్న కదల్లేదు. కానిస్టేబులు తువ్వాలు లాగి దవడ పట్టాడు. నాలుక కాటుక పూసినట్టుంది.

"నేరేడు పండ్లు తిన్నా!"

"శనక్కాయలు పెరికే కాలంలో నేరేడు పండ్లు యాడివిరా?" అని అరిచింది ఎర్రప్ప భార్య రామలక్ష్మమ్మ.

"జాడీలో విషం లేదని ఇతనికి ముందే తెలుసు. అందుకే నిశ్చింతగా తాగాడు," అన్నాడు హంపయ్య. "తాగినవాడు బతికే ఉన్నాడు, కాబట్టి విషం ఎర్రప్ప గ్లాసులో ఉండాలి. బీరుతో వచ్చిన విషమైతే మడ్డి కింద అంటుకుని ఎండదు. ముందే పూసి తెచ్చారు. తెచ్చింది ఎవరు? గ్లాసు ముట్టే హక్కే యేసన్నకు లేదు. నేరం అతని మీద తోసేటప్పుడు ఆ సంగతే మరిచిపోయావు, ఈరన్నా."

"నా చేను ఎండిపాయ!" ఈరన్న వదినవైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "బావి నీళ్ళు ఒక్క తడికి అడిగితే కుక్కను తరిమినట్ల తరిమె! సావనీ!"

బేడీలు చేతులు మారాయి. రాళ్ళు పట్టుకున్నవాళ్ళు వాటిని మెల్లగా జారవిడిచారు. ఒక్కడూ క్షమించమనలేదు.

"బీరు కేసు మాత్రం తప్పదురా," అంటూ సబ్‌ఇన్‌స్పెక్టరు యేసన్నకు నేల మీది ఎర్రప్ప గ్లాసు చూపించాడు. "దాన్ని ఇట్లా అందియ్యి."

యేసన్న వంగాడు.

"ముట్టొద్దురా! అది మా ఇంటి గ్లాసు!" అని కేక పెట్టింది రామలక్ష్మమ్మ.

యేసన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అక్కమ్మ ముందుకొచ్చి భర్త చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ముట్టడులేమ్మా," అంది. "ముట్టలేదు గనకనే ఈ పొద్దు బతికినాడు."

చివరికి సబ్‌ఇన్‌స్పెక్టరే వంగి గ్లాసు తీసుకున్నాడు.