ఒకే ఇంటి నంబర్‌కు రెండు దరఖాస్తులు

"ఆ ఇంటి నంబర్ మాది. మీరెందుకు రాస్తున్నరు?"

రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దరఖాస్తు నింపుతున్న అబ్బాయి తలెత్తాడు. ఎదురుగా సుభాషిణి. ఆమె గొడుగు నుంచి కారుతున్న వాన నీళ్లు సరిగ్గా అతని కాగితం మీదే పడుతున్నాయి.

"ముందు గొడుగు జర పక్కకు పెట్టున్రి మేడం. నంబర్ కొట్టుకపోతే ఇద్దరికీ పనికిరాదు."

"మాట మార్చకున్రి. వరంగల్ చౌరస్తాల మా నాయిన స్టీలు సామాన్ల దుకాణమది. ఇరవై ఆరేండ్ల సంది నడుపుతాండు. దాంతోని మీకేం పని?"

"ఈసీ తీసుకుంటాన. ఎవరడిగినా ఇస్తరు."

ఆ ఇంటి మీద ఇప్పటిదాకా ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపించే కాగితం ఈసీ. సుభాషిణి కూడా దానికోసమే వచ్చింది. దుకాణం పైన ఇంకో అంతస్తు వేద్దామంటే పర్మిషన్‌కు రిజిస్టర్డ్ దస్తావేజు కావాలన్నారు. రెండేళ్ల కింద వరద నీళ్లు దుకాణంలోకి వచ్చినప్పుడు దస్తావేజు పాడైపోయిందని నాన్న పాండురంగం చెప్పాడు. నకలుకు దస్తావేజు నంబర్ కావాలి, అది ఈసీలో దొరుకుతుందని ఈమె బయలుదేరింది.

అబ్బాయి దరఖాస్తును తలకిందులుగానే చదివేసింది. ఓంప్రకాశ్, పరకాల.

అతను ఫోన్ ఎత్తి గొంతు తగ్గించాడు. "ఔ నానమ్మా, కాగితం చేతికొచ్చేదాక ఎవ్వరికీ చెప్పకు."

సుభాషిణి ఆ పేరు, ఊరు తన ఫోన్‌లో రాసుకుంది.

గంట తర్వాత ఈసీ చేతికొచ్చింది. చివరి ఎంట్రీ 1991. కొన్నవారు, రాజక్క. ఆ తర్వాత ఏమీ లేదు.

"మా నాయిన పేరేది సార్? ఇంటి పన్ను ఆయన పేరు మీదనే వస్తది గదా!"

"పన్ను కడితే ఓనర్ కారమ్మా. ఆయన పేరు మీద రిజిస్ట్రేషన్ కాలే," అన్నాడు గుమస్తా.

వెనక నుంచి ఓంప్రకాశ్ గొంతు. "రాజక్క మా నానమ్మ."

"అనుకున్న! కబ్జాకు వచ్చిన్రు."

"నిన్న ఎవరో బ్రోకర్ ఫోన్ చేసిండు. మీ నానమ్మ పేరు మీద దుకాణమున్నది, నాకు అమ్మున్రి అన్నడు. నానమ్మనేమో ఎప్పుడో అమ్మేసిన అంటాంది. ఏది నిజమో చూద్దామని వచ్చిన."

"మంచి కథ అల్లిన్రు."

"అల్లేటోన్నైతే ఇంకా మంచిగ అల్లుదును."

ఆమెకు నవ్వు రాబోయింది. పళ్లు బిగబట్టి వానలోకి నడిచింది.

ఆ సాయంత్రం నాన్న ముందు ఈసీ పెట్టింది. పాండురంగం తుడుస్తున్న గ్లాసునే మళ్లీ మళ్లీ తుడిచాడు.

"అసలు దస్తావేజే లేదా నాయినా?"

"రాజక్కకు పైసలన్నీ ఇచ్చిన బిడ్డా. ఉత్త కాగితం మీద రాసుకున్నం. రిజిస్ట్రేషన్ రేపు మాపు అనుకుంటనే వాళ్లు పరకాల పోయిన్రు. వరదల పోయింది ఆ కాగితమే. మీ అమ్మకు సుత చెప్పలే."

రికార్డులో రాజక్క. వీళ్ల చేతిలో ఏమీ లేదు. ఆ అబ్బాయి ఒక్క మాటంటే చాలు, దుకాణం పోతుంది. సుభాషిణికి అన్నం సయించలేదు.

మర్నాడు అతనే దుకాణానికి వచ్చాడు.

"కొలతలు తీసుకుంటానికి వచ్చిన్రా?"

"నానమ్మ సంతకం పెడతనంటాంది. వచ్చే బుధవారం. మీ నాయిన పేరు మీద కాగితాలు రాయించుకోన్రి."

"ఊరికెనే?"

"ఊరికెనే."

"మీకేం కావాలె?"

ఓంప్రకాశ్ ఆమె వంక ఒక్క క్షణం చూసి, చూపు స్టీలు బకెట్ల మీదికి మార్చాడు. "ఏం వద్దు." చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏదో ఉంది! సుభాషిణి అనుమానం రెట్టింపైంది. దస్తావేజు డ్రాఫ్ట్ ఇద్దరు వకీళ్లకు చూపించింది. నానమ్మ ఆధార్ అడుగుతూ, "అసలుదే పంపున్రి" అంది ఫోన్‌లో.

"నకిలీది చేయించే తీరిక లేదు మేడం. అన్నట్టు, సాక్షిగ రాసిన మీ పేరుల 'ణి'ని 'ని' చేసిన్రు. దిద్దిపిచ్చిన."

ఈయనకెందుకంత పట్టింపు? ఆ ప్రశ్నతో ఆమె చాలాసేపు కూర్చుంది.

బుధవారం రాజక్క రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పాండురంగం చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మల్ల అడుగనే లేదు తమ్మీ."

"మొఖం చెల్లలే అక్కా."

మెషీన్ ఆమె వేలిముద్ర తీసుకోలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. సుభాషిణి ఆ అరిగిన వేలిని తన చున్నీతో తుడిచింది. నాలుగోసారి పడింది. పాండురంగం కళ్లు తుడుచుకున్నాడు.

ఓంప్రకాశ్ టీ కూడా తాగలేదు. నానమ్మను తీసుకుని బస్సెక్కేశాడు.

ఆ తర్వాత ఫోన్ లేదు. పది రోజులు. సుభాషిణి కొత్త ఈసీ తీసింది, నాన్న పేరు చక్కగా ఎక్కింది. అయినా మనసు కుదుటపడలేదు. పదకొండో రోజు పరకాల బస్సెక్కింది.

అతని విత్తనాల దుకాణం వెతకడం కష్టం కాలేదు.

"ఏమైంది? దస్తావేజుల తప్పు పడ్డదా?" ఓంప్రకాశ్ కంగారుగా లేచాడు.

"తప్పు మీ మాటల ఉన్నది. ఆ రోజు ఏం వద్దన్నరు. అబద్ధం."

అతను పత్తి గింజల ప్యాకెట్లు సర్దుతూ నిలబడ్డాడు. "ఆ రోజు అడిగితే దుకాణానికి బదులు అడిగినట్టయితది. మీరు ఔనన్నా, భయంతోని అన్నరో ఇష్టంతోని అన్నరో నాకు జిందగీల తెల్వది."

"రిజిస్ట్రేషన్ అయిపాయె గదా. ఇప్పుడేమైంది?"

"ధైర్యం చాలలే."

లోపలి గదిలోంచి రాజక్క తల బయటపెట్టింది. "వాడు అడుగడు బిడ్డా. పది దినాల సంది ఫోన్ పట్టుకొని తిరుగుతాండు. నువ్వే అడుగు."

సుభాషిణి అతని వైపు తిరిగింది. "నన్ను చేసుకుంటరా?"

ప్యాకెట్ చేతిలోంచి జారింది. ఓంప్రకాశ్ తలూపాడు, తర్వాత సరిపోలేదేమోనని, "చేసుకుంట" అన్నాడు.

రాజక్క అప్పటికే పాండురంగానికి ఫోన్ కలిపి సంగతి చెప్పేసింది. అవతల నుంచి ఆయన అడిగాడు.

"నా బిడ్డకు ఇష్టమేనా అక్కా?"

రాజక్క ఫోన్‌ను సుభాషిణి చేతికిచ్చింది.

"ఇష్టమే నాయినా," అంది సుభాషిణి, ఓంప్రకాశ్ వైపే చూస్తూ.