రేపటి కూర చావిడి

పది గంటలకు ఎండగంట మోగింది. వీధి పొడవునా నీడతెరలు దిగాయి. ఇక సాయంత్రం నాలుగయ్యేదాకా కాకినాడలో ఎవరూ గుమ్మం దాటకూడదు. కలువ ఏడు నెలల పాపకు నీళ్ళు పోసి, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని వీపు తుడుస్తోంది. పదకొండు కాగానే ఆమె చెవి వెనక మనసుపూస వెచ్చబడింది. చావిడి తలుపు తెరుచుకుంది.

"ఎవరెవరొచ్చారు?" అంది ఒక ముసలి గొంతు. ఆవిడ బీరకాయ గారు.

"ఆయ్, నేనొచ్చానండి," అన్నాడు చేపల పులుసు. గొంతును బట్టి యాభై దాటిన మనిషి.

"నేనూ వచ్చాను పిన్నిగారూ. పాపకి ఒళ్ళు తుడుస్తున్నా," అంది కలువ. చావిడిలో ఆమె పేరు తోటకూర.

నాలుగో గొంతు రాలేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. అది పప్పుచారు, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఏదో ఊళ్ళో హాస్టల్లో ఉండి సముద్రసాగు చదువుతోంది.

మనసుపూస వచ్చి ముప్పై ఏళ్ళయింది. నాడి, ఊపిరి, నిద్ర, చెమట అన్నీ చూసి మనసు మీద ఎంత బరువుందో నూటికి ఇంత అని చెబుతుంది. అరవై దాటితే చావిడి తెరుచుకుంటుంది. చచ్చిపోవాలని ఉన్న మనిషికి, అలాగే ఉన్న మరో ముగ్గురు నలుగురి గొంతులు వినిపిస్తాయి. ఇంట్లో చెబితే ఏడుపులు, తిట్లు. బయట చెబితే గుసగుసలు. చావిడిలో చెబితే, "నాకూ అంతే" అనేవాళ్ళు ఉంటారు. నలభై కిందకి దిగి ఇరవై ఒక్క రోజులు అక్కడే నిలబడితే తలుపు మూసుకుంటుంది. బాగైనవాళ్ళు అక్కడ ఉండకూడదు. యంత్రం కట్టినవాళ్ళు పెట్టిన నియమం అది.

అసలు పేర్లు, ఊర్లు అడగకూడదు. అన్నీ వింటూ ఉండే కాపరి అనే యంత్రానికి కూడా అవి తెలియవు, మనిషి తనంతట తాను చెబితే తప్ప. అలా దాచకపోతే ఎవరూ నోరు విప్పేవారు కారు.

కానీ కూరల పద్ధతి మాత్రం యంత్రం కట్టినవాళ్ళది కాదు. ఎప్పుడో చావిడిలో వాళ్ళే మొదలుపెట్టుకున్నారు. రోజూ వెళ్ళే ముందు ప్రతి ఒక్కరూ మర్నాడు ఏం కూర వండుతారో చెప్పాలి. వండుకునే వీల్లేనివాళ్ళు ఏం తింటారో చెప్పాలి. మర్నాడు వచ్చి అది మాడిందో, ఉప్పెక్కువైందో ఒప్పుకోవాలి. చేరిన రోజు ఏ కూర చెబితే అదే పేరు. చావాలనుకునే మనిషిని బతకమంటే కోపం వస్తుంది. రేపేం కూరంటే విసుక్కుంటూ అయినా ఏదో ఒకటి చెబుతారు.

పాప పుట్టిన రెండో నెలలో కలువ బరువు ఎనభై నాలుగు. పాలు పడలేదు, నిద్ర లేదు, తాను లేకపోతేనే ఈ పిల్ల బాగా పెరుగుతుందని గట్టిగా అనిపించేది. వైద్యశాల వాళ్ళు మందిచ్చారు. మందు పనిచేసేదాకా రోజూ ఆ గంటసేపు ఆమెను పట్టుకుని ఉన్నది మాత్రం ఈ ముగ్గురే.

"పప్పుచారూ, నిన్న పెరుగన్నం తింటానన్నావు. తిన్నావా?" అని కలువ అడిగింది.

పాప గట్టిగా కేరింది.

"దాన్ని ఏడిపించకక్కా," అంది పప్పుచారు మెల్లగా.

"ఏడుపు కాదే. నీ పేరు వింటే అలా అరుస్తుంది."

"అబద్ధం."

"సరే, అబద్ధమే. పెరుగన్నం సంగతి చెప్పు."

"సగం తిన్నాను."

"సగం కూడా తిండే," అంది బీరకాయ గారు. "మా ఆయన బతికున్నన్నాళ్ళూ నా వంట సగమే తినేవాడు. ఎనభై ఏళ్ళు బతికాడు."

పప్పుచారు నవ్వలేదు గానీ ఊపిరి తేలికగా వదిలింది. ఆ పిల్ల కలువ అడిగితేనే పలుకుతుంది. పాప చప్పుళ్ళు వినడానికే వస్తానని ఒకసారి చెప్పింది.

గంట ముగిసేముందు కాపరి గొంతు వినిపించింది. "తోటకూర గారికి అభినందనలు. ఇవాళ పందొమ్మిదో రోజు. ఎల్లుండితో మీకు విడుదల."

పప్పుచారు ఊపిరి వినబడటం మానేసింది.

*

నాలుగింటికి నీడతెరలు లేవగానే కలువ పాపను చంకనేసుకుని బరువుల కార్యాలయానికి వెళ్ళింది. అధికారి పేరు రేయాన్ష్ గారు. జుట్టంతా నెరిసిన పెద్దమనిషి. ఆమె లెక్క చూసి సంతోషించాడు.

"ఎనభై నాలుగు నుంచి ముప్పై ఎనిమిది. ఎంత మంచి కబురమ్మా! మిఠాయిలు పంచాల్సింది పోయి మొహం అలా పెట్టారేం?"

"నన్ను అప్పుడే పంపెయ్యకండి సార్. ఇంకో నెల ఉండనివ్వండి. ఒక పిల్ల ఉంది. నేను మాట్లాడిస్తేనే మాట్లాడుతుంది."

"బాగైన మనిషి బాగవనివాళ్ళ మధ్య ఉండకూడదమ్మా. మళ్ళీ మునిగిపోతారు. మీరు వెళ్ళాక ఆ అమ్మాయికి ఇంకెవరో జతపడతారు. యంత్రం చూసుకుంటుంది."

"యంత్రం చూసుకోలేదని కాదు సార్. అది బెంగపెట్టుకుంటుంది."

"యంత్రమా?"

"ఆ పిల్ల సార్."

ఆయన గోడ మీద బొమ్మ చూపించాడు. ముప్పై ఏళ్ళ లెక్కలు. వేల గీతలు పైనుంచి కిందకి దిగుతున్నాయి. ఒక్క గీత మాత్రం నలభైకీ యాభైకీ మధ్య అడ్డంగా సాగిపోతోంది.

"ఈ జిల్లా మొత్తానికి మా చేతకానితనం ఇదొక్కటే," అన్నాడాయన. "పదకొండేళ్ళుగా దిగదు, పెరగదు. మీలా వచ్చి పేరు చెబితే తప్ప ఎవరో మాకూ తెలియదు. మిగిలిన అందరూ ఏదో ఒకనాటికి వెళ్ళిపోతారు. మీరూ వెళ్ళాలి కదా."

కలువ ఇంటికి వచ్చి పిచ్చిపని చేసింది. బరువు నలభై దాటిస్తే తలుపు మూయరు కదా అనుకుంది. రాత్రి అన్నం మానేసింది. చేదు రోజులన్నీ ఒక్కొక్కటే తవ్వి తలుచుకుంది. పూస నలభై ఒకటి చూపింది. అంతలో పాప ఆమె ముక్కు గట్టిగా పట్టుకుని నవ్వేసరికి ముప్పై ఆరుకి దిగింది.

చివరి రోజు చావిడిలో ఆ సంగతి చెబితే బీరకాయ గారు మండిపడింది.

"బుద్ధుందటే నీకు? ఒడ్డెక్కినదానివి మళ్ళీ నీళ్ళలోకి దూకుతావా? చంటిదాని తల్లివి, అన్నం మానేత్తావా?"

"మరి దీన్నెలా వదిలెయ్యను పిన్నిగారూ?"

"నేనున్నాను కదా. పులుసు గారున్నారు."

"ఆయ్, ఉన్నానండి. ఎక్కడికీ పోను," అన్నాడాయన.

"వెళ్ళక్కా," అంది పప్పుచారు. "అందరూ వెళ్తారు. నాకేం పర్లేదు."

పర్లేదని ఆ పిల్ల అనడం కలువ ఎప్పుడూ వినలేదు. అందుకే ఆమెకు భయమేసింది. ఇంకో మాట అనేలోగా గంట ముగిసింది. పూస చల్లబడింది.

*

మొదటి రోజు పదకొండింటికి కలువ ఊరికే గోడకు ఆనుకుని కూర్చుంది. రెండో రోజు అన్నం వార్చి, గంజి గిన్నెలో పొయ్యబోయి గట్టు మీద పోసింది. పాపను పడుకోబెట్టి, ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పెట్టినప్పుడల్లా ఇంకో పిల్ల ఊపిరి చెవిలో మెదిలింది. ఎక్కడుందో తెలియదు. పేరు తెలియదు. ఉందో లేదో అడగడానికి ఒక్క మనిషి లేడు.

"మళ్ళీ వచ్చిందా?" అని భర్త భయంగా అడిగాడు.

"నాకు కాదు," అంది కలువ. అంతకు మించి చెప్పడం ఆమెకు చేతకాలేదు.

మూడో రోజు పదకొండింటికి పూస వెచ్చబడింది. బరువు అరవై మూడు. తలుపు తెరుచుకుంది.

"వచ్చావా?" అంది బీరకాయ గారు. "మూడు రోజులే పట్టింది నీకు. నాకు మొదటిసారి ఎనిమిది పట్టింది."

"ఏంటి పిన్నిగారూ?"

"నా బరువు దిగిపోయి పదకొండేళ్ళయిందమ్మా. నన్నూ పంపేశారు. నాతో ఉన్న ఒక కుర్రోడి మీద బెంగతో అరవై దాటింది, తలుపు తీశారు. వాడు బాగుపడి వెళ్ళేలోగా ఇంకొకళ్ళు వచ్చారు. ఆ బెంగ తగ్గేలోగా ఇంకొకళ్ళు. ఇక నలభై కిందకి దిగితే ఒట్టు. నా బరువు నాదో, ఇంకొకళ్ళదో ఆ పూసకేం తెలుసు?"

కలువకు గోడ మీద అడ్డంగా సాగిన గీత గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా ఎంతమంది ఆ గీత మీద చెయ్యి వేసి నిలబడ్డారో అనుకుంది.

"పిల్ల ఏది?"

"ఉంది. మూడు రోజులుగా నోరు విప్పలేదు. రేపటి కూర చెప్పమంటే చెప్పదు. మేం మాట్లాడుతూనే ఉన్నాం."

"పప్పుచారూ! నేనేనే, అక్కని. చూశావా, నీ కోసం అరవై మూడుకి ఎక్కి మరీ వచ్చాను!"

సంతోషంలో అనేసింది. అన్నాక గానీ తెలియలేదు, ఏం మాట అన్నదో.

"నా వల్ల మీకు అరవై మూడా?" పప్పుచారు గొంతు సన్నబడిపోయింది. "ఇంట్లోనూ ఇదే. అందరికీ బరువే నేను. నేను లేకపోతే మీరందరూ హాయిగా ఉంటారు."

జవాబు చెప్పడం బీరకాయ గారు కలువకే వదిలేసింది. కలువ పాపను ఎత్తి భుజాన వేసుకుంది.

"నువ్వు బరువు కాదని నేను అబద్ధం చెప్పనే," అంది. "బరువే. నా పిల్ల ఏడున్నర కేజీలు. పొద్దస్తమానం మోస్తే భుజం పట్టేస్తుంది. రాత్రి అమ్మా అని మూలుగుతాను. ఎవరైనా వచ్చి, ఇలా పడెయ్యి హాయిగా ఉంటావంటే ఇచ్చేస్తానా? వాళ్ళ మొహం పగలగొడతాను. నా పిల్ల లేకపోతే నేను బాగుంటానని నాకెప్పుడూ అనిపించలేదు. నేను లేకపోతే పిల్ల బాగుంటుందని మాత్రం అనిపించేది. అది జబ్బు చెప్పే మాటే, పప్పుచారూ. నాక్కూడా అచ్చం ఇదే గొంతుతో చెప్పేది."

అవతల ఏడుపు మొదలైంది. కలువ ఆగనిచ్చింది. తర్వాత అడిగింది.

"ఒకటి అడుగుతాను, దాచకు. ఇప్పుడు చచ్చిపోవాలనుందా?"

"ఉంది."

"గదిలో ఒక్కదానివే ఉన్నావా?"

"ఊఁ."

"నీకిప్పుడు పక్కన మనిషి కావాలి. మా గొంతులు చాలవు. కాపరికి నీ ఊరు చెప్పు. తోడుదళం వస్తుంది. వాళ్ళు తలుపు కొట్టేదాకా మేం ఇక్కడే ఉంటాం. నువ్వు తలుపు తీసేదాకా ఉంటాం."

పాప భుజం మీద ఏదో గొణుక్కుంది.

"చెబుతాను," అంది పప్పుచారు.

కాపరి మిగిలిన చెవులు మూసి, ఆ పిల్ల మాట ఒక్కటే విని, మళ్ళీ తెరిచింది. ఎండ నిషేధం తోడుదళానికి లేదు. ఇరవై నిమిషాలు పడుతుందంది.

ఆ ఇరవై నిమిషాలూ చేపల పులుసు గారు పీతలు ఎలా శుభ్రం చెయ్యాలో చెప్పాడు. ఆయన చెప్పినట్టు చేస్తే వేళ్ళు మిగలవని బీరకాయ గారు వాదించింది. మధ్యమధ్యలో కలువ, "ఉన్నావా?" అంటే, "ఉన్నాను," అని జవాబు వస్తోంది. చివరికి తలుపు చప్పుడు వినిపించింది.

"తీయనా?"

"తియ్యమ్మా," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

గడియ తీసిన చప్పుడు, ఆడమనిషి గొంతు, "లోపలికి రావచ్చా అమ్మా?" అనడం, కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత పూస చల్లబడింది. కలువ పాపను ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు గట్టిగా ఏడ్చింది.

*

తొమ్మిది రోజుల తర్వాత రేయాన్ష్ గారు తానే ఆమె పూసలోకి మాట్లాడాడు. గొంతులో విసుగుంది.

"కలువమ్మా, మీరు మళ్ళీ చావిడిలో ఉన్నారని చూపిస్తోంది. మీ ఒక్కరే కాదు. ఈ నెలలో విడుదలైనవాళ్ళలో పధ్నాలుగు మంది తిరిగొచ్చారు. ముప్పై ఏళ్ళలో ఇంతమంది ఎప్పుడూ లేరు. జబ్బు తిరగబెట్టిందని రాయమంటారా?"

"జబ్బు కాదు సార్. తిండి బాగానే తింటున్నాను. మందు మానలేదు. మా చావిడిలో ఒక పిల్లకి బాగాలేదు, అంతే. బీరకాయ గారు చెప్పారు, ఈ బెంగ మిగిలిన చావిళ్ళకీ పాకిందంట. వెళ్ళినవాళ్ళు ఊరుకోవట్లేదంట సార్."

"అంటే, కావాలని రావడం లేదా?"

"కావాలని వస్తే రాదు సార్. నేను ప్రయత్నించి చూశాను."

ఆ పదకొండేళ్ళ అడ్డగీత సంగతి కలువ చెప్పలేదు. బీరకాయ గారు చెప్పొద్దంది. తెలిస్తే సన్మానం అంటారు, ఆవిడకి పొద్దుట పనుంది.

"నా పత్రంలో దీనికి గడి లేదమ్మా," అన్నాడు చివరికి. తర్వాత కాస్త తగ్గి, "ఆ అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగాడు.

అది కూడా ఆయన పత్రంలో లేని ప్రశ్నే. కలువ చెంగుతో పాప మూతి తుడిచింది.

"మందు మొదలుపెట్టారు సార్. పక్క గదమ్మాయి కూడా పడుకుంటోందంట. ఇంకా ఏడుస్తూనే ఉంటుంది. నిన్న మాత్రం నీళ్ళు రావట్లేదని వార్డెన్‌తో గొడవ పడిందంట."

"గొడవా?"

"పెద్ద గొడవే సార్. హాస్టలంతా వినబడేలా అరిచిందంట."

అవతల రేయాన్ష్ గారు నవ్వాడు. నవ్వి, "ఎంతసేపు అరిచిందటమ్మా?" అన్నాడు.