కత్తిరి ఎండలో హీటర్

కోవిల్పట్టిలో కారుకు హీటరంట! అదీ మే నెల కత్తిరి ఎండల్లో. వింటే కుక్కలు కూడా నవ్వుతాయి. రోడ్డు మీద నీళ్ళు చల్లితే చుయ్‌మని ఆవిరైపోయే ఊరది. అక్కడ సీమ కారు ఉన్నవాడెవడైనా మొట్టమొదట చేయించే పని ఆ హీటర్ గొట్టాలు మూయించడమే. కానీ తొంభై ఎనిమిదిలో విరుదునగర్ షావుకారు, అందరూ మొదలాళి అనే సీనివాసన్‌కు కొడైకానల్లో జరిగే పాత కార్ల పండగకు పోవాలని బుద్ధి పుట్టింది. వాళ్ళ నాయన కాలంలో తూత్తుకుడి రేవులో ఓడ దిగిన కారు ఒకటి ఇంట్లో ముసుగేసి ఉంది. పండగలో మార్కులు రావాలంటే అందులో ప్రతి వస్తువూ పనిచెయ్యాలి, హీటర్‌తో సహా.

అలా ఆ కారు కోవిల్పట్టిలో మెకానిక్ వెళ్ళైసామి షెడ్డుకు వచ్చింది. తోలుకొచ్చినవాడు చౌడయ్య, ఆ ఇంట్లోనే తల నెరిసిన డ్రైవరు.

వెళ్ళైసామి మనసు పని మీద లేదు. షెడ్డు వెనకే ఇల్లు. ఇంట్లో నెల నిండని ఆడబిడ్డ. తల్లి చిన్నత్తాయికి పాలు పడలేదు. వెల్లుల్లి తినిపించారు, పాలసొర చేప పులుసు పెట్టారు, ఊహూఁ. డబ్బా పాలు పోస్తే బిడ్డ కక్కేస్తోంది. ఇట్లాగే ఉంటే బిడ్డ దక్కదని ఆసుపత్రిలో మొహం మీదే చెప్పేశారు. పిల్లికూన ఏడ్చినట్టు సన్నటి ఏడుపు, పగలంతా రేకుల గోడ దాటి షెడ్డులోకి వస్తూనే ఉంది.

హీటరంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజిను వేడినీళ్ళు రెండు రబ్బరు గొట్టాల్లో డ్యాష్‌బోర్డు కిందున్న డబ్బాలోకి పోతాయి. ఫ్యాను ఆ వేడిని జల్లెడలోంచి లోపలికి విసురుతుంది. ఈ కారులో గొట్టాలు ఎప్పుడో కోసేసి, మూతులకు చెక్క బిరడాలు కొట్టేశారు. లెక్కప్రకారం డబ్బా ఎండి బీటలు వారి ఉండాలి. కానీ తలుపు తియ్యగానే గుప్పున వాసన కొట్టింది. పాలగిన్నె తోమకుండా మరిచిపోతే వచ్చే పులిసిన కంపు. దాని అడుగున తియ్యటి కుళ్ళు.

"ఎలక చచ్చిండాదేమో తాతా," అన్నాడు వెళ్ళైసామి ముక్కు మూసుకుని.

చౌడయ్య నీడకు కూడా రాకుండా బయట ఎండలోనే నిలబడ్డాడు.

వెళ్ళైసామి వెల్లకిలా దూరి, డబ్బా కిందికి చెయ్యి పోనిచ్చాడు. తడి తగిలింది. ఒక చుక్క... ఇంకో చుక్క... అతనికి గురువు నేర్పిన అలవాటు ఒకటుంది. ఏది కారినా వేలితో తీసి నాలుకకు రాసుకుంటాడు. బ్రేకాయిల్ చేదు, బ్యాటరీ నీళ్ళు పులుపు, రేడియేటర్ నీళ్ళు తుప్పు. కంటికి తెలియనిది నాలుకకు తెలుస్తుందని గొప్పలు పోయేవాడు. ఆ చీకట్లోనూ అదే నిర్వాకం చేశాడు మహానుభావుడు.

గోరువెచ్చగా ఉంది. తియ్యగా ఉంది. నాలుక మీద జిడ్డుగా మిగిలింది.

మింగేశాక గాని ఒళ్ళు జలదరించలేదు. గబగబా బయటికొచ్చి వేలు చూసుకున్నాడు. తెల్లగా... మధ్యలో పసుపు చీములాంటి తీగ సాగుతూ...

"నోట్లో పెట్టుకుండావా అప్పా?" చౌడయ్య గొంతు గుసగుసగా వచ్చింది.

"ఊసేసినా తాతా."

"మింగినావా?"

"లేదు," అని అబద్ధమాడాడు వెళ్ళైసామి.

ముసలాయన కారువైపు చూడకుండా చెప్పాడు. "మొదలాళి పిన్నమ్మ ఒకామె ఉండె. కొడైకానల్ కొండెక్కేటప్పుడు ఈ హీటర్ ఆగిపాయ. చంటిబిడ్డ ఆమె ఒళ్ళోనే చల్లబడిపాయ. ఆ పొద్దు నుంచి దినామూ ముందు సీట్లో కూసొని, ఆ జల్లెడలోకి పాలు పిండేది. బిడ్డ లోపల చలికి ఉండాది, వెచ్చగా తాగాల అనేది. గొట్టాలు కోయిచ్చినారు, ఆమె మానలే. పాలు గడ్డ కట్టి, రొమ్ము పుండై, ఈ సీట్లోనే పాయ." ఆగి, చెవి రిక్కించాడు. "ఏడ్చేది ఎవరప్పా?"

"నా బిడ్డే. వాళ్ళమ్మకు పాలు లేవు."

"అయ్యో సామీ... పాలు లేని ఇంటికా దీన్ని తెచ్చినా!" అంటూ చౌడయ్య, ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్టాండు దారి పట్టాడు.

మొదలాళి తెల్లారే వస్తానన్నాడు. పని తొందరగా ముగించి ఈ పీడ వదిలించుకుంటే చాలనుకున్నాడు వెళ్ళైసామి. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి, డబ్బా విప్పాడు. థూ! ఎలకా లేదు, గూడూ లేదు. మందంగా మీగడ, దాని కింద జున్నుముక్కల్లాంటి పసుపు గడ్డలు. వేలు పెడితే వెచ్చగా లోపలికి దిగబడిపోయింది. మురుక్కాలవలో పారేస్తే వీధికుక్క వాసన చూసి, తోక ముడుచుకుని పరుగెత్తింది. అతను డోకుతూనే కిరసనాయిలు పోసి కడిగాడు, లోపలి రాగి గొట్టాల చిల్లులకు సోల్డరింగ్ పెట్టాడు, కొత్త రబ్బరు గొట్టాలు తగిలించాడు. అంతా బిగించేసరికి పొద్దు వాలింది.

అప్పుడు తట్టింది అతనికి... ఏడుపు లేదు.

ఇంట్లోకి పరుగెత్తాడు. ఉయ్యాల ఖాళీ. చిన్నత్తాయి పొయ్యి ఊదుతోంది.

"బిడ్డ ఏదే?"

"నువ్వే గదా మామా ఎత్తుకుపోయినావు? పొగలో మొకం అగుపించలే. చెయ్యి మటుకే చూసినా."

షెడ్డులో కారు అద్దాలన్నీ ఆవిరి పట్టి తెల్లబడ్డాయి. బ్యాటరీ బల్ల మీదే ఉంది. అయినా లోపల ఫ్యాను తిరుగుతోంది... గుర్‌ర్... గుర్‌ర్... తలుపు లాగాడు. ముందు సీట్లో బిడ్డ. హాయిగా నిద్రపోతోంది. పొట్ట డప్పులా బిగిసి ఉంది. పెదవి చివర తెల్లటి నురగ. ఎత్తుకోగానే త్రేన్చింది.

అదే కంపు.

కన్నబిడ్డ నోటి దగ్గరనుంచి మొహం తిప్పుకుని, తలుపు పక్కనే భళ్ళున కక్కుకున్నాడు వెళ్ళైసామి. వెనకే వచ్చిన చిన్నత్తాయి బిడ్డను లాక్కుని పొట్ట తడిమి చూసింది.

"ఏం పోసినావు మామా? నా తల్లికి కడుపు నిండిండాదే!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను మూతి తుడుచుకుని కారు తలుపు వేసేశాడు.

తెల్లారి మొదలాళి వచ్చి కారు తీసుకుపోయాడు. అది మలుపు తిరిగాక వెళ్ళైసామికి పోయిన ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ సంతోషం మధ్యాహ్నం దాకానే. బిడ్డ మళ్ళీ అందుకుంది. ఈసారి డబ్బా పాలు కక్కడం కూడా లేదు, నోట్లోకే రానివ్వలేదు. నాలుకతో నెట్టేసింది. మర్నాటికి గొంతు పోయింది. నోరు తెరుస్తుంది, శబ్దం రాదు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఆ పొద్దు పోసినావే, అదే మళ్ళా పొయ్యి మామా," అంది చిన్నత్తాయి అతని కాళ్ళు పట్టుకుని. "బిడ్డ పోతాది."

"ఆసుపత్రికి పోదాం, లెయ్," అని బిడ్డను గుండెలకు హత్తుకుని వాకిట్లోకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. వీధిలో నరమానవుడు లేడు.

వాసన వచ్చింది.

ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. కారు లేదు. షెడ్డు ఖాళీ. వాసన మాత్రం తన గడ్డం కిందనుంచే వస్తోంది. చొక్కా రొమ్ముకు రెండు పక్కలా తడిసి అతుక్కుని ఉంది. చెమటేమో... కాదు. చెమట తెల్లగా ఉండదు. గోరువెచ్చగా పొట్ట మీదికి కారుతోంది. తన ఒళ్ళు తనకే రోత పుట్టింది. తోలు వలుచుకుని పారేద్దామన్నంత రోత.

బిడ్డ కళ్ళు తెరవకుండానే మొహం తిప్పింది. చొక్కా మీద నోటితో వెతుక్కుంటోంది... గుటక... ఇంకో గుటక... గుడ్డకే. అరచేతి కింద ఎముకలు తగులుతున్నాయి.

"ఏంది మామా, నిలబడిపోతివి?" వెనకనుంచి చిన్నత్తాయి.

వెళ్ళైసామి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బిడ్డ జారిపోతుందేమోనని రెండు చేతులూ కిందికి వేసి పట్టుకున్నాడు.

చొక్కా పై గుండీ ఎవరో తీసినట్టు మెల్లగా ఊడింది. తరవాత, దాని కిందిది.