పసుపు ఛాయ

"టార్చిలైటు రంగు కోసం కొట్లాడుకునేటోళ్ళను మిమ్మల్నే చూసిన" అని నా భార్య శ్రీలత నవ్వేది. నిజమే. ఎయిర్‌పోర్టు కార్గోలో నాతో పనిచేసే శివశంకర్‌కీ నాకూ ఆ పిచ్చి పట్టి రెండేళ్ళయింది. కొత్త ఎల్‌ఈడీ టార్చి తెప్పించినప్పుడల్లా మామిడిపల్లిలో మా ఇంటి తెల్లగోడ మీద పాతదాని పక్కనే వేసి చూసేవాళ్ళం. వాడికి నీలం కలిసిన తెలుపు ఇష్టం. నాకు పసుపు ఛాయ. వాడి లైటు దూరం పోతుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ వెలుగులో మనిషి చర్మం చర్మంలా ఉండదు. ఈ సంగతి వాడి మట్టిబుర్రకు ఎప్పుడూ ఎక్కలేదు.

"నీ లైటు అబద్ధం జెప్తది రాఘవన్నా" అనేవాడు.

"నీది దవాఖాన లైటు, పోరా!"

2012 ఆగస్టులో ఒక సాయంత్రం. స్కూటీ మీద తుక్కుగూడకు కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళిన శ్రీలత రాత్రి ఏడు దాటినా ఇంటికి రాలేదు. ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. ముసురు పట్టింది. కరెంటు పోయింది. శివశంకర్‌ని బండెక్కించుకుని వెతకడానికి బయల్దేరాను. రింగురోడ్డు కింద కల్వర్టు దగ్గర తడిమట్టి వాసనతో పాటు పెట్రోలు వాసన వచ్చింది. మళ్ళీ ఫోన్ చేశాను.

కల్వర్టు లోపల మోగింది.

వాడి లైటే ముందు పడింది. స్కూటీ బోర్లా పడి ఉంది. పక్కనే శ్రీలత. ముఖం సున్నంలా ఉంది. పెదాలు నీలం. పైనుంచి నీటిచుక్కలు కళ్ళలో పడుతున్నా రెప్ప పడటం లేదు. శివశంకర్ వంగి నాడి చూశాడు.

"అన్నా... వదిన ఇగ లేదన్నా."

నాకు ఒళ్ళు మండింది. "నీ లైట్ల ఎవ్వరైనా పీనుగ లెక్కనే కనవడ్తరు. బంజెయ్!"

వాడు ఆర్పేశాడు. నేను నాది వేశాను. బుగ్గల్లో రంగు... పెదాల్లో ఎరుపు... రెప్ప కొట్టుకుంది.

"ఆ తెల్లది... మళ్ళ ఎయ్యొద్దని జెప్పు" అంది శ్రీలత, గుసగుసగా.

శివశంకర్ ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. బయటపడ్డాక వాడు పరుగెత్తిన చప్పుడు వినిపించింది. పోతే పోనీ అనుకున్నాను.

"దవాఖానకు పోదాం పా."

"వద్దు. ఆడ అన్నీ తెల్ల లైట్లే."

వెలుగుతున్న టార్చిని ఆమె ఒళ్ళో పెట్టి, బండి మీద ఇంటికి తెచ్చాను. మంచం మీద పడుకోబెట్టాను. ఆమె నా ఎడమ చెయ్యి పట్టుకుంది. ఐసుగడ్డలా ఉంది ఆ చెయ్యి.

"ఇడవకు."

పదింటికి కరెంటు వచ్చింది. ట్యూబ్‌లైటు టకటక కొట్టుకుంది. ఆ ఒక్క మెరుపులో మంచం వైపు చూశాను. తెరిచిన నోటి నిండా... బురద.

స్విచ్ కట్టేశాను. తప్పంతా ట్యూబ్‌లైటుదే అని నాకు నేనే చెప్పుకున్నాను. నా శ్రీలత బతికే ఉంది. బతికే ఉండాలి. రాత్రంతా ఆ చెయ్యి వదల్లేదు. టార్చి వెలుగు సన్నబడితే ఒంటిచేత్తోనే బ్యాటరీ సెల్లు మార్చాను.

తెల్లవారింది. పొద్దుటి ఎండ పసుపుగానే ఉంటుంది, దానితో భయం లేదు. కానీ గంట గంటకూ అది తెల్లబడుతుంది. తొమ్మిది దాటాక ఇక ఆగలేక తలుపు మూయడానికి లేవబోయాను.

"మూయకు" అంది శ్రీలత. చెయ్యి వదిలేసి, లేచి గుమ్మం దాటింది. ఆమె వెళ్ళి వాకిట్లో తెల్లటి ఎండలో నిలబడింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నుదుటి మీద చెమట కూడా పట్టింది.

బతికింది! సంతోషం పట్టలేక ఏడ్చేశాను. దేవుడికి దణ్ణం పెడదామని చేతులెత్తాను.

నా ఎడమచేతి గోళ్ళు నీలంగా ఉన్నాయి.

లోపలికి పరుగెత్తి టార్చి వేసి చూసుకున్నాను. పసుపు ఛాయలోనూ నీలమే. మణికట్టు దాకా... కాదు, మోచేయి దాకా.

వెనకాల తలుపు మూసుకుంది. బయటి నుంచి గొళ్ళెం పడింది.

"భయపడకు" అంది శ్రీలత తలుపు అవతల నుంచి. "జరసేపైతే అలవాటైతది."