బూడిదరంగు గుండ్రం

పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ ఇంట్లో రెండు లంచ్ బాక్సుల మూతలు టక్కుటక్కున పడతాయి. ఒకటి కొడుకుది, ఒకటి కోడలిది. లిఫ్టులు బాగుచేసే కొడుకు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "దార్లోనే ఉన్నా సార్, వచ్చేస్తున్నా" అని గడప దాటకుండానే ఫోన్లో అబద్ధమాడతాడు. కళ్లద్దాల షాపులో ఊరందరికీ చూపు పరీక్ష చేసే కోడలు, తన కళ్లద్దాలు ఎక్కడ పెట్టిందో తెలియక ఇల్లంతా వెతుక్కుంటుంది.

"వెళ్లొస్తాం అత్తయ్యా. వేళకి తినండి."

"గ్యాస్ చూసుకో అమ్మా!"

తలుపు పడుతుంది. ఇక సాయంత్రం ఆరింటిదాకా ఆ ఇంట్లో గొంతెత్తేది ఫ్రిజ్ ఒక్కటే.

ముప్ఫై ఒక్క ఏళ్లు రేవులో క్రేన్ నడిపిన మనిషి ఆ అత్తగారు. అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ క్రేనమ్మే. పది అంతస్తుల ఎత్తున గాజు గదిలో ఒక్కతే కూర్చుని, చెరో చేత్తో చెరో లివరు పట్టుకుని, ఇళ్లంతేసి పెట్టెల్ని ఓడల్లోంచి లారీల మీదికి పువ్వు పెట్టినట్టు దించేది. కాబట్టి ఒంటరితనం ఆవిడకి కొత్తేం కాదు. కాకపోతే అక్కడ కింద ఎవరో ఒకరు తలెత్తి చెయ్యి ఊపుతూ ఉండేవారు. ఈ ఇంటికొచ్చిన ఐదు నెలల్లో ఆ చెయ్యి కనపడలేదు.

భర్త పోయేనాటికి కొడుక్కి ఏడేళ్లు. పని నుంచి వచ్చాక పిల్లాడికి కథలు చెప్పే ఓపిక ఉండేది కాదు. అందుకని ఒక వీడియోగేమ్ మెషీన్ కొంది. దాంతో వచ్చిన ఆటలో ఒక చిన్న పడవ, పన్నెండు దీవులు. దీవి దీవికీ వెళ్లి ఉత్తరాలు ఇచ్చి రావాలి. ఆవిడ పడవ నడిపేది, వాడు రెండో కంట్రోలర్‌తో పడవలో లాంతరు పట్టుకుని రాళ్లు చూపించేవాడు. "ఎడమకమ్మా! ఎడమకీ!" అని వాడు అరుస్తుంటే పక్కింటివాళ్లు గోడ కొట్టేవారు. దార్లు తెలియక అప్పట్లో ఒక్కో దీవికి నెలలు పట్టేది, తొమ్మిదో దీవికి చేరేసరికి వాడికి పద్నాలుగేళ్లొచ్చాయి. గొంతు మారింది, స్నేహితులొచ్చారు, లాంతరు పట్టేవాడు కరువయ్యాడు. ఆవిడ మాత్రం పడవని ఒక్క అంగుళం కదపలేదు. ఎప్పుడో ఒకరోజు వాడే వచ్చి కూర్చుంటాడని అలాగే ఉంచింది.

ఉద్యోగం అయిపోయి క్వార్టర్ ఖాళీ చేస్తున్నప్పుడు, సామాను సర్దడానికి కొడుకే వచ్చాడు. "ఈ పాత డబ్బా ఎందుకమ్మా? మా ఇంట్లో కొత్త మెషీన్ ఉంది, పాత డిస్కులు కూడా అందులో ఆడతాయి" అని దాన్ని పాత సామాన్లవాడి చేతిలో పెట్టేశాడు. నిజమే, డిస్కు కొత్తదాంట్లో ఆడింది. కానీ తొమ్మిది దీవుల ప్రయాణం డిస్కులో ఉండదు, ఆ పాత డబ్బాకి గుచ్చిన అగ్గిపెట్టెంత కార్డులో ఉంటుంది. ఆ సంగతి కొడుకు మర్చిపోయాడు. ఆవిడ మర్చిపోలేదు. పాత సామాన్ల బండి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది తప్ప, నోరు విప్పి ఆపమనలేకపోయింది.

కొత్త మెషీన్ మహా మర్యాదస్తురాలు. పెట్టగానే "ఎవరు ఆడుతున్నారు?" అని అడుగుతుంది. తెరమీద మూడు గుండ్రాలు. ఒకదాంట్లో కొడుకు ఫొటో, ఒకదాంట్లో కోడలి ఫొటో, మూడోది బూడిదరంగులో ఉత్త ఖాళీ. "ప్రస్తుతానికి ఇది నొక్కమ్మా, తర్వాత నీకూ ఒకటి పెడతాను" అన్నాడు కొడుకు, ఆవిడ వచ్చిన రోజున. ఆ ప్రస్తుతం ఐదు నెలలు సాగింది. ఖాళీ గుండ్రంలో ఆడినదేదీ మెషీన్ దాచుకోదు, ఆపగానే తుడిచేస్తుంది. అందుకని రోజూ మొదటి దీవి నుంచే మొదలు. అక్కడ గడ్డం పోస్టుమాస్టరు రోజూ అదే అడుగుతాడు, "ఈ చుట్టుపక్కలకి కొత్తగా వచ్చావా తల్లీ?" అని. మొదట్లో నవ్వొచ్చేది. ఈమధ్య ఆవిడ పైకే జవాబు చెబుతోంది, "ఐదు నెలలైంది నాయనా" అని.

ఆ శనివారం ఐదో దీవి దగ్గర ఉండగా ఫోన్ మోగింది. రేవులో లారీల కాటా చూసిన స్నేహితురాలు.

"ఒసేయ్ క్రేనమ్మా, నా పక్క అద్దె గది ఖాళీ అవుతోంది. నువ్వొస్తానంటే ఆపిస్తా. సోమవారం పొద్దున్నకల్లా తేల్చెయ్."

"తేల్చేదేముందే, వస్తాను. ఇంట్లో చెప్పి ఫోన్ చేస్తా."

చెప్పడమే కష్టమైంది. ఆదివారం ముగ్గురూ కాఫీలు తాగుతుండగా, ఓడ మీది పెట్టె దించినంత జాగ్రత్తగా మాట దించింది ఆవిడ.

"నేను వేరే గది చూసుకున్నానురా. కాటా ఆవిడ పక్కనే."

కొడుకు కప్పు ఠక్కున పెట్టాడు. "ఎందుకు? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు."

"మరి? ఈవిడేమైనా అందా?"

"నన్నెందుకు లాగుతారండీ మధ్యలో!" కోడలు కళ్లద్దాలు సర్దుకుంది. "అత్తయ్యా, నావల్ల ఏదైనా జరిగితే మొహమాటం లేకుండా చెప్పండి."

"నీవల్ల ఏం లేదమ్మాయ్. నువ్వు బంగారం."

"అయితే నావల్లేనన్నమాట!" కొడుకు లేచి నిలబడ్డాడు. "సొంత గది ఇచ్చాను. ఏ పనీ చెయ్యనివ్వట్లేదు. పొద్దుపోవడానికి నీ పాత ఆట కూడా ఉంది. నలుగురూ ఏమనుకుంటారు, తల్లిని చూసుకోలేకపోయాడనేగా? ఇంకేం చెయ్యాలో నువ్వే చెప్పు!"

ఆవిడ తన కప్పు అటూ ఇటూ తిప్పింది. ఇది కావాలి అని చూపించడానికి వస్తువేదీ లేదు మరి. కొడుకు విసుగ్గా రెండడుగులు వేసి, గొంతు తగ్గించి, నవ్వించాలని చూశాడు.

"ఆ పడవ ఆట ఈపాటికి అయిపోయుంటుంది, అందుకే తోచట్లేదు నీకు. ఎన్ని దీవులయ్యాయి?"

"ఐదు."

"ఐదు నెలలకి ఐదు దీవులా? ఏమైంది క్రేనమ్మ పనితనం?"

"రోజూ ఐదురా."

కొడుకు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కోడలు మాత్రం కప్పు కింద పెట్టింది. "రోజూ అంటే ఏంటత్తయ్యా?"

"రోజూ మొదటినుంచి వెళ్తాను. ఆరింటికి మీరొచ్చే వేళకి ఆపేస్తాను. పాత ఆట కదా, కొత్త మెషీన్‌కి గుర్తుండదేమో."

కోడలు మాట్లాడకుండా వెళ్లి మెషీన్ పెట్టింది. తెరమీద మూడు గుండ్రాలు వచ్చాయి. ఎదుటివాళ్లకి ఏది మసగ్గా కనపడుతోందో కనిపెట్టడమే కదా ఆమె ఉద్యోగం. "మీరు ఏది నొక్కుతారు అత్తయ్యా?"

"ఆ బూడిదరంగుది. మిగతా రెండూ మీవి కదా."

కొడుకు మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఆవిడ చూడలేదు. చూసేసరికి అతను టీవీ ముందు నేలమీద కూలబడి ఉన్నాడు.

"అడగొచ్చు కదమ్మా! ఒక్క నిమిషం పని."

"తర్వాత అన్నావు కదరా. బిజీగా ఉంటావని నేనే ఊరుకున్నాను."

"ఇప్పుడే పెడతాను" అని కంట్రోలర్ లాక్కున్నాడు. పేరు అడిగింది మెషీన్, చకచకా కొట్టేశాడు. తర్వాత పుట్టినతేదీ అడిగింది. అతని వేళ్లు ఆగిపోయాయి. తనదీ భార్యదీ నిద్రలో లేపినా చెప్పగలడు. తెరమీద ఖాళీ గడి మినుకుమినుకుమంటోంది.

"అమ్మా... నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"రేవు కాగితాల్లోదా, నిజందా? ఉద్యోగం కోసం రెండేళ్లు తక్కువ వేయించుకున్నాలే అప్పట్లో."

"నిజంది."

"నీ పుట్టినరోజుకి తొమ్మిది రోజుల ముందు. పదిరోజుల్లో రెండు కేకులెందుకని నీదొక్కటే చేసేదాన్ని."

అంతే, ముప్ఫై అయిదేళ్ల మనిషి తల్లి ఒళ్లో తల పెట్టుకుని బావురుమన్నాడు. ఆవిడ ముందు కంగారుపడింది, తర్వాత వాడి జుట్టులో వేళ్లు పెట్టింది. ఎన్నేళ్లయిందో అలా పెట్టి. "పోనీలేరా, పోనీలే" అంటూ కొంగుతో తన కళ్లూ తుడుచుకుంది. కోడలు కళ్లద్దాలు తీసి కొంగు లేదు కాబట్టి చొక్కా అంచుతో తుడుచుకుని, ఫోన్ పట్టుకొచ్చింది. "అత్తయ్యా, ఇటు చూడండి, ఫొటో తీస్తాను. మీ గుండ్రంలోకి." ఏడ్చిన మొహంతోనే నవ్వింది ఆవిడ. ఆ ఫొటోయే పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పడవ నడిపింది. కొడుకు లాంతరు పట్టాడు. అతగాడికి అలవాటు పూర్తిగా తప్పింది, కుడికి చెప్పాల్సినచోట ఎడమ చెప్పి రెండుసార్లు పడవని రాళ్లకి కొట్టించాడు. మూడు దీవులకే సాయంత్రమైంది. అతను ఆపబోతుంటే ఆవిడ చెయ్యి గబుక్కున వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది.

"పోదమ్మా. ఉంటుంది" అన్నాడతను.

సోమవారం మూతలు టక్కుటక్కుమన్నాయి, తలుపు పడింది. ఆవిడ మెషీన్ పెట్టి తన మొహం తనే నొక్కింది. పోస్టుమాస్టరు రాలేదు, ఏమీ అడగలేదు. మూడో దీవి ఒడ్డు తెరుచుకుంది. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమే, సామాను సర్దావా?"

"లేదే. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చేయమను. మావాడు ఆరింటికి వస్తానన్నాడు. వాడు లేకుండా నాలుగో దీవికి ఎలా వెళ్తాను?"

"నీకేమైనా మతి పోయిందా? దీవేంటి?"

"తర్వాత చెప్తాలే" అని ఫోన్ పెట్టేసింది. ఒక్క బటన్ కూడా నొక్కలేదు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి, అలా చూస్తూ కూర్చుంది. పడవ నిన్న ఎక్కడ ఆపారో అక్కడే ఉంది.