అసెంబ్లీ గోడ పక్క చింతచెట్టు

అసెంబ్లీ గోడను ఆనుకుని, పబ్లిక్ గార్డెన్ లోపలి వైపు ఒక చింతచెట్టు ఉందట. దాని కింద సిమెంటు బెంచీ. పొద్దుగూకాక ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లను ఏదో దెయ్యం పేరు పెట్టి పిలుస్తుందట... పలికారా, అంతే!

పాపం, సత్తమ్మకు ఆ సంగతి తెలియదు. మధ్యాహ్నం నుంచీ అక్కడే కూర్చుంది.

చిట్యాల దగ్గర పల్లె ఆమెది. రోడ్డు వెడల్పు చేస్తామని ఇంటి గోడ మీద ఎర్రగీత గీసి పోయారు. రేపు పొద్దున్నే జేసీబీ వస్తుంది. ఎమ్మెల్యే ఒక్క ముక్క రాసిస్తే ఆగుతుందని ఎవరో చెబితే, కోడి కూయకముందే బస్సెక్కి హైదరాబాద్ వచ్చిపడింది. అసెంబ్లీని చూడడం అదే మొదలు. ఆ తెల్లటి గుమ్మటాలు ఎంత చక్కగా ఉన్నాయో, గేటు దగ్గరి పోలీసుల మాట అంత చేదుగా ఉంది. పచ్చిక మీద కాలు పెడితే విజిల్, గోడకు ఆనుకుంటే విజిల్, సద్దిమూట విప్పితే విజిల్! చివరికి మిగిలింది ఆ బెంచీయే.

తోడుగా ఊరి మనిషి మనోరమ దొరికింది. ఆమె కిరాణా కొట్టు గోడ మీదా అదే ఎర్రగీత. ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది కాబట్టి ఇక్కడి పద్ధతులన్నీ ఆమెకు తెలుసు. ఎమ్మెల్యేను కలవాల్సినవాళ్ల పేర్లు రాసుకునే గేటు దగ్గరి కాగితంలో ముందు సత్తమ్మ పేరు, దాని కింద మనోరమ పేరు.

ఎమ్మెల్యే ఆరింటికి వెళ్లిపోతాడన్నారు. చలికాలం కదా, ఐదున్నరకే చెట్ల కింద చీకటి దిగింది. తోటమాలులు ఇళ్లకు పోయారు. చెట్లలోంచి గబ్బిలాలు లేచాయి...

అప్పుడు చెప్పింది మనోరమ, చెవిలో.

"అక్కా... ఎన్కట నీ లెక్కనే ఒకామె కాయితం వట్టుకొని వచ్చి, గిదే బెంచీ మీద పానం ఇడిసిందట. పొద్దుమీకినంక పేరు వెట్టి పిలుస్తదట..."

"వామ్మో! మరి ఈడెందుకు కూసున్నమే? లే, పోదాం!"

"ఊకో! కదిలితే ఎంటవడ్తదట. మూడోపాలి పిలిచేదాంక పలుకకు, చాలు."

అది సత్తమ్మ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. చీకట్లో ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకకూడదు. దెయ్యానికి రెండుసార్లే నోరు లేస్తుంది.

గాలి ఆగింది. ఆకు కదల్లేదు...

"సత్తమ్మా..."

ఎక్కడి నుంచి? చెట్టు మీది నుంచా, వెనక నుంచా? సత్తమ్మ లేవబోయింది. మనోరమ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సప్పుడు జెయ్యకక్కా... కండ్లు మూసుకో..."

"సత్తమ్మా...!"

ఈసారి దగ్గరగా! రెప్పల సందులోంచి చూస్తే — చెట్ల మధ్య తెల్లగా ఏదో కదులుతోంది. 'సమ్మక్క తల్లీ, నువ్వే దిక్కు' అనుకుంటూ పిడికిట్లోని అర్జీ కాగితాన్ని నలిపేసింది. ఇక ఒక్క పిలుపు... మూడోది వస్తే మనిషే. రాకపోతే...

రాలేదు.

"మనోరమా!"

"ఆఁ, వచ్చిన సార్!"

సత్తమ్మ చేతిలోని చెయ్యి లేదు. కళ్లు తెరిచేసరికి, పేర్ల కాగితం పట్టుకున్న తెల్లచొక్కా మనిషి వెంట మనోరమ గేటు వైపు పరుగులాంటి నడకతో పోతోంది.

సత్తమ్మకు అంతా అర్థమైంది. లేచి పరిగెత్తింది. అప్పటికే గేటు పడింది.

"రెండుపాల్లు పిలిస్తే పలుకవైతివి. పలుకకుంటే తర్వాతోళ్లే, గదే ఈడి పద్ధతి," అన్నాడు పోలీసు. "సార్ పోతుండు. గామెనే ఆఖరు."

"చెట్టు కింద సచ్చినామె పిలుస్తుందనుకున్న సారూ!"

"ఎవరు సచ్చిండ్రు? పదేండ్ల సంది ఈడనే ఉన్న, నేనైతే ఇనలే. పో, పో!"

సత్తమ్మ గేటు ఊచలు పట్టుకుని గొంతు చించుకుంది.

"సత్తమ్మను నేనే! పలుకుతున్న సారూ... ఈడనే ఉన్న, పలుకుతున్న!"

లోపల మనోరమ ఒక్క క్షణం ఆగింది. చలికి కప్పుకున్నట్టు కొంగును చెవుల మీదికి లాక్కుని, గబగబా మెట్లెక్కింది.