ఎవర్నీ పిలవకూడని రేవు

ఆ దీవి రేవు మెట్ల దగ్గర చీకటి పడ్డాక ఎవర్నీ పిలవకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. పేరు లేకుండా 'రండి' అని అసలే అనకూడదు. పడవవాడు కూడా అంతే… వచ్చినవాళ్ళ భుజం తట్టి పడవ చూపిస్తాడు, నోరు విప్పి పిలవడు.

నేను చూసింది కాదిది. మా చెల్లెలూ, బావా చెప్పగా విన్నాను. ఒకరు చెబుతుంటే మధ్యలో రెండోవాళ్ళు దూరిపోయేవాళ్ళు, అందుకని కాస్త సర్ది రాస్తున్నాను. దెయ్యాలున్నాయంటే నేను నమ్మను. ఈ విషయం మీద వాళ్ళిద్దరితో ఇప్పటికీ తగువే.

మా బావ బస్సు కండక్టరు. అందరూ 'రైట్ రైట్' అనే పిలిచేవారు. అన్నం తిని లేస్తూ కూడా గోడ మీద రెండు దెబ్బలు చరిచేవాడు. నిద్రలో "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటూ మా చెల్లెల్ని మంచం అంచుకి తోసేసేవాడు. అంత పిచ్చి ఆయనకి ఆ ఉద్యోగమంటే.

"లోకాన్నంతా ఎక్కించుకుని తిరుగుతారు. నా ఒక్కదానికే సీటు దొరకదు" అని చెల్లెలు సాధించగా సాధించగా, చివరికి సెలవు పెట్టి ఆ దీవికి తీసుకెళ్ళాడు.

చిన్న దీవి. దాని మీద ఒకటే గెస్ట్‌హౌస్. కిటికీ ఊచల మీద ఉప్పు పేరుకుని ఉండేది. తలుపు చెమ్మకి ఉబ్బి, భుజంతో తోస్తే గాని తెరుచుకునేది కాదు. కానీ పక్క మీద దుప్పట్లు మాత్రం తెల్లగా, బట్టలసబ్బు వాసనతో ఉండేవి. మా చెల్లెలికి ఆ వాసనే నచ్చింది.

"ఎవరు ఉతుకుతారు?" అని వంటావిణ్ణి అడిగింది.

"ఇప్పుడు నేనే ఉతుకుతున్నానమ్మా" అంది వంటావిడ. గొంతు తగ్గించి, "ఇదివరకు ఒకావిడ ఉండేది…" అంది.

అవతలి ఒడ్డు నుంచి రోజూ వచ్చేదట. దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఆఖరి పడవకి ఇంటికి వెళ్ళిపోయేది. ఒక సాయంత్రం గాలి లేచింది. అప్పటి పడవవాడు, అంటే ఇప్పుడున్నవాడి తండ్రి, ఆవిడ కోసం ఆగలేదు. 'ఆగు, వస్తున్నా' అని అరుస్తూ మెట్లన్నీ దిగిందట. అతను వెనక్కి తిరిగి చూడలేదు. కింది మెట్టు మీద నాచు…

"ఇప్పటికీ అక్కడే ఉందంటారు. ఎవరు ఎవర్ని పిలిచినా తననే అనుకుంటుంది. వచ్చి ఎక్కి కూర్చుంటుంది. ఆవిడ కూర్చున్న చోటు ఎవరిదో… వాళ్ళు ఆ మెట్ల మీద ఉండిపోతారు. బాబుగారూ, మీకు అసలే నోరు ఊరుకోదు. జాగ్రత్త."

బావ పగలబడి నవ్వాడు. "టిక్కెట్ తీసుకుంటే ఎవరెక్కితే ఏంటమ్మా!"

తిరిగి వచ్చే రోజు మొగుడూ పెళ్ళాలకి గొడవైంది. ఇంకొక్క రోజు ఉందామంటుంది ఆవిడ. తెల్లారితే డ్యూటీ అంటాడు ఈయన. అలా వాదించుకుంటూనే పెట్టె మోసుకుని రేవుకి దిగారు. అప్పటికే మసక చీకటి. సన్నగా తుంపర. ఆ రోజు ఆఖరి పడవకి వాళ్ళిద్దరే.

తీరా వచ్చాక, "అయ్యో, నా కళ్ళజోడు కిటికీలో ఉండిపోయింది" అంటూ చెల్లెలు వెనక్కి పరిగెత్తింది.

బావ పడవ ఎక్కి మధ్యలో కూర్చున్నాడు. వెనక పడవవాడు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. గాలి పెరుగుతోంది. "ఎక్కువసేపు ఆగలేను సార్" అని గొణిగాడు.

ఇంజను అంటుకుంది.

ఆ చప్పుడు వింటే బావ నోరు ఆయన వశంలో ఉండదు. ఇన్నేళ్ళ అలవాటు. చేతులు రెండూ నోటి దగ్గర దోనెలా పట్టి మెట్ల వైపు తిరిగాడు… "రండమ్మా, రండి! బండి కదులుతోంది! త్వరగా ఎక్కండి!"

పడవవాడు బిగుసుకుపోయాడు.

"ఎవర్ని… పిలిచారు?"

"మా ఆవిణ్ణి. అదిగో, వచ్చేసిందిగా."

నెత్తిన కొంగు కప్పుకుని, తల వంచుకుని ఒక ఆడమనిషి మెట్లు దిగింది. పడవ ముందు భాగంలో, బావకి వీపు చూపించి కూర్చుంది. కోపం ఇంకా తగ్గలేదన్నమాట అనుకున్నాడు బావ. కూర్చుంటే కూర్చోనీ, నాకేం! పడవ చెక్క మీద రెండు దెబ్బలు చరిచాడు.

"రైట్!"

పడవ కదిలింది. రేవు చీకట్లో కలిసిపోయింది.

కాసేపటికి బావ మనసు మెత్తబడింది. "ఇదిగో… వచ్చే ఏడు నాలుగు రోజులుందాంలే."

జవాబు లేదు.

"కళ్ళజోడు దొరికిందా?"

ఆవిడ కొంగు చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుంపరకి అంత తడుస్తుందా మనిషి… అనుకున్నాడు బావ.

అప్పుడు వినిపించింది. వెనక నుంచి. దూరంగా, రేవు వైపు నుంచి…

"ఏవండీ… ఏవండీ… ఆగండి… వస్తున్నా!"

మా చెల్లెలి గొంతు.

బావ పడవవాడి వైపు చూశాడు. వాడూ విన్నాడు. వాడి చూపు బావ మీద లేదు… బావ భుజం మీదుగా పడవ ముందు భాగానికి అతుక్కుపోయింది.

"తిప్పు" అన్నాడు బావ.

"వద్దు సార్…" అన్నాడు వాడు. "ఆవిడ ఎక్కాక తిప్పితే పడవ మునుగుతుందంటారు…"

"మా ఆవిడ మెట్లు దిగుతుంటుంది. కింద నాచుంది. తిప్పు!"

"నా ప్రాణం సార్…"

"మీ నాన్న కూడా ఇలాగే అనుకుని ఉంటాడు!"

పడవవాడు చుక్కాని తిప్పాడు. పడవ తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతుంటే ముందు భాగం నీళ్ళలోకి కుంగింది. అల ఒకటి లోపలికొచ్చి బావ మోకాళ్ళు తడిపింది. ముందున్న ఆకారం మెల్లిగా లేవబోయింది…

బావకి ఏం చెయ్యాలో తోచలేదు. దణ్ణం పెట్టాలని కూడా గుర్తు రాలేదట. నోటికొచ్చింది అనేశాడు… రోజూ అనే మాటే.

"అమ్మా, నువ్వు దిగక్కర్లేదు. నీ సీటు నీదే. ఇంకొకళ్ళని ఎక్కించుకోవాలి. నా బండిలో ఎవర్నీ వదిలేసి వెళ్ళను." ఇంకా నెమ్మదిగా… "కాస్త సర్దుకో తల్లీ."

ఒక్క క్షణం… గాలి కూడా ఆగినట్టనిపించింది.

ఆ ఆకారం మళ్ళీ కూర్చుంది. కూర్చుని… పక్కకి జరిగింది.

రేవు దగ్గరకొచ్చారు. బావ మధ్యలోంచే తాడు విసిరి, కొయ్యకి తగిలించి, రెండు చేతులా బిగపట్టుకున్నాడు. అలలకి పడవ ఎగిరెగిరి పడుతోంది. పడవవాడు ఇంజను వదల్లేదు. చెల్లెలు అప్పటికే కింది మెట్టు మీద ఉంది. అడుగు వెయ్యబోయి జారింది…

బావ కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి చెల్లెలు పడవలో ఉంది. తూలుకుంటూ వచ్చి ఆయన పక్కన కూలబడింది. ముందు వైపు చూడడానికి బావకి ధైర్యం చాలలేదు. తాడు వదిలేశాడు, పడవ మళ్ళీ కదిలింది.

అవతలి ఒడ్డు తగిలాక బావ లేచాడు. ఇచ్చిన మాట తప్పలేదు. "ఆఖరి స్టేజీ" అన్నాడు మెల్లగా. "దిగేవాళ్ళు దిగండి."

ఎవ్వరూ దిగలేదు. కానీ పడవ ముందు భాగం, మోస్తున్న బరువు దింపుకున్నట్టు, ఒక్కసారి పైకి తేలింది.

గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చాక చెల్లెలు లైటు స్తంభం కింద ఆగి, కళ్ళజోడు తుడుచుకుంటూ బావ మీద విరుచుకుపడింది.

"వదిలేసి వెళ్ళారు కదూ! మా అన్నయ్యతో చెబుతానుండండి… సరేలెండి, జారినప్పుడు చెయ్యి పట్టి లాగారు కాబట్టి బతికాను. అయినా ఆ చెయ్యేంటి, అంత చల్లగా?"

బావ వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూశాడు.

"పైగా ఆ సబ్బు వాసనేంటి?"

బావ తన రెండు చేతులూ మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు.

తడి తాడు వాసన.